సీసాలో ఉన్నది మందేనా

మేవిల్, విస్కాన్సిన్
1993 అక్టోబర్ 11

చెల్లీ ఆర్లీన్,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మా ఫోన్ ఉండేది వంటింట్లో, నార్బర్ట్ ఉండేదీ వంటింట్లోనే. జింకల వేట మొదలయ్యేదాకా మీ బావ అక్కడినుంచి కదలడు. అందుకే ఈ ఉత్తరం.

ఆగస్టులో నా ఎడమకన్ను మళ్ళీ తిరగబెట్టిందని నీకు తెలుసు కదా. రెండేళ్ళలో ఇది మూడోసారి. ఇక్కడి డాక్టరు చేతులెత్తేసి మిల్వాకీ పంపించాడు. అక్కడి కంటి ఆసుపత్రిలో డాక్టర్ రీస్ అని ఒకావిడ ఉంది, చిన్నమనిషి, పెద్ద గొంతు. చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరిన వైరస్ నరంలో దాక్కుని నిద్రపోతుందట. మెలకువ వచ్చినప్పుడల్లా కంట్లోకి దిగి నల్లగుడ్డు మీద గీతలు గీసిపోతుందట. గీసిన ప్రతిసారీ ఎంతో కొంత మచ్చ మిగిలిపోతుంది. ఇంకో రెండుసార్లు వస్తే ఏమిటని అడిగాను. ఆవిడ పెద్ద గొంతు ఒక్కసారిగా చిన్నదైంది. అందులోనే నాకు జవాబు దొరికింది.

నాలా పాల ట్యాంకరు తోలేవాళ్ళకు రెండు కళ్ళూ పరీక్షలో నెగ్గాలి. ఇరవై రెండేళ్ళలో ఒక్క గేటుకు కూడా గీత పడనివ్వలేదని చెప్పుకున్నా ఎవరూ వినరు. ఒక కన్ను పోయిందంటే లైసెన్సు పోయినట్టే.

ఇక అసలు సంగతికి వస్తాను. వాళ్ళు ఒక పరిశోధన చేస్తున్నారు. కన్ను బాగున్నప్పుడు కూడా రోజూ మందు మింగుతూ ఉంటే ఈ జబ్బు తిరగబెట్టకుండా ఆగుతుందా అన్నది చూస్తారు. పొద్దున ఒక గొట్టం మాత్ర, సాయంత్రం ఒకటి, ఏడాదిపాటు. ఆ తర్వాత ఆరు నెలలు మాత్రలు లేకుండా చూస్తారు. సగంమందికి అసలు మందు ఇస్తారు, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది అన్నది లాటరీ. డాక్టరుకీ తెలియదట, నర్సుకీ తెలియదట. నాకైతే అస్సలు తెలియకూడదట. సంతకం పెట్టి సీసా తెచ్చుకున్నాను. రోజూ దాన్ని పట్టుకుని చూస్తున్నాను. ఎవరికీ తెలియదంటే నేను నమ్మను. ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

పైగా ఆ కాగితాలు నార్బర్ట్ కంటపడ్డాయి. వాటిలో హెర్పీస్ అన్న మాట చూసి, అది సుఖరోగమనుకుని మూడు రోజులు మాట్లాడలేదు. శుక్రవారం చేపల విందుకి వెళ్ళి చేపంతా తిన్నాడు, నాతో ఒక్క మాట లేదు. నాలుగో రోజు, "ఎవడు వాడు?" అన్నాడు. యాభై రెండేళ్ళొచ్చాయి నాకు, పొద్దున నాలుగింటికి లేచి ముప్పై పాడిదొడ్లు తిరిగొస్తాను. నవ్వొచ్చింది. నవ్వేసరికి ఆయనకు అనుమానం రెట్టింపైంది. చివరికి డాక్టర్ రీసే ఫోన్ చేసి చెప్పింది. పెదవి మీద జ్వరప్పొక్కు లేపేది కూడా ఇదేనట, లోకంలో చాలామందికి ఒంట్లో ఉంటుందట, బహుశా మీకూ ఉందేమో అందట. ఇప్పుడు రోజూ అద్దంలో పెదవులు చూసుకుంటున్నాడు.

ఊళ్ళో ఎవరికీ ఈ మాట చెప్పలేను. నీకు తప్ప.

మీ అక్క
వెర్నా

డులూత్, మిన్నెసోటా
1993 అక్టోబర్ 24

అక్కా,

బావ పెదవులు చూసుకుంటున్నాడని చదివి షాపులోనే పెద్దగా నవ్వాను. కౌంటరు ముందున్న ముసలాయన తన దగ్గుమందు గురించి నవ్వాననుకుని కోపగించుకుని వెళ్ళిపోయాడు. హాల్వర్సన్ గారు నా వైపు ఒక చూపు చూశారు. పదకొండేళ్ళు ఆయన మందుల షాపులో పనిచేశాక ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. కానీ ఆయన మంచివాడే.

నువ్వు చేరినందుకు సంతోషంగా ఉంది. ఆ మందు మా అలమరలో ఉంది. వేరే జబ్బులకు ఇస్తాం. కానీ కంటికి ఏడాది పొడుగునా వాడితే ఫలితం ఉంటుందో లేదో ఎవరికీ తెలియదని హాల్వర్సన్ గారు కూడా అన్నారు. తెలియదు కాబట్టే పరీక్ష పెట్టారు, అక్కా. ఇందులో మోసం ఏమీ లేదు. నీ సీసాలో ఏదున్నా, నెలనెలా పెద్ద డాక్టర్లు నీ కన్ను చూస్తారు కదా. నాకు అదే పెద్ద ధైర్యం.

ఇక్కడ సరస్సు మీద అప్పుడే చలిగాలి మొదలైంది. నా తుంటి నొప్పి షరా మామూలే.

నీ చెల్లి
ఆర్లీన్

మేవిల్
1993 డిసెంబర్ 6

ఆర్లీన్,

ధైర్యం చెప్పావు, సంతోషం. ఇప్పుడు నేను చెప్పేది విను.

మొన్న ఆసుపత్రి వరండాలో డెల్బర్ట్ అని ఒక జున్ను ఫ్యాక్టరీ మనిషి పక్కన కూర్చున్నాను. ఆయనా ఇందులోనే ఉన్నాడు. మాత్ర వేసుకున్న రోజునుంచి తలనొప్పి, కడుపులో తిప్పు అని చెప్పాడు. చెబుతూ సంబరపడుతున్నాడు. "నాది అసలు సరుకే, అనుమానం లేదు" అన్నాడు. నాకు తలనొప్పి లేదు, తిప్పు లేదు. ఆకలి కూడా ఎప్పటిలాగే ఉంది. అర్థమైందా?

పాట్ క్రోనిన్ అని అక్కడి నర్సు. నవ్వుతూ పలకరిస్తుంది, కాఫీ ఇస్తుంది. ఆ తర్వాత నా సీసా బోర్లించి మిగిలిన మాత్రలు లెక్కపెడుతుంది. రెండు రెండుగా జరుపుతూ, దొంగను సోదా చేసినట్టు. నా మాత్రలు లెక్కపెట్టేటప్పుడు ఆవిడ ముఖంలో జాలి కనిపించింది. డెల్బర్ట్ మాత్రలు లెక్కపెట్టేటప్పుడు లేదు. ఆవిడకు తెలుసు.

ఈ కవరులో దూది మధ్య రెండు మాత్రలు ఉన్నాయి. సింకులో పడిపోయాయని పాట్‌తో చెప్పాను. హాల్వర్సన్ గారి తమ్ముడి కొడుకు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడని నువ్వే ఒకసారి రాశావు. వీటిలో ఏముందో కనుక్కుని చెప్పు. ఉత్త మాత్రలే అయితే ఈ నాటకం మానేసి ఇక్కడి డాక్టరు చేత అసలు మందు రాయించుకుంటాను. ఆయన రాస్తానన్నాడు కూడా.

నిజం చెప్పు. నీమీదే ఆధారపడ్డాను.

వెర్నా

డులూత్
1993 డిసెంబర్ 15

అక్కా,

నీకు మతి పోయిందా? ఉత్తరం విప్పగానే మాత్రలు కౌంటరు మీద దొర్లాయి. అదృష్టం కొద్దీ అప్పుడు షాపులో ఎవరూ లేరు.

తలనొప్పి వచ్చినవాళ్ళందరికీ అసలు మందు అందినట్టయితే మా షాపుకొచ్చే జనంలో సగంమందికి ఆ మందు ముట్టినట్టే. ఆ డెల్బర్ట్ రాత్రి బీరు ఎక్కువ తాగాడేమో ఎవరు చూశారు? నర్సు ముఖంలో జాలి కనిపించిందంటావు. నీ ఎడమకన్ను మీద మచ్చలు పడ్డాయని నువ్వే రాశావు, ఆ మచ్చల్లోంచి ఆవిడ మనసు కూడా చదివేశావా?

పరిశోధన మానేసి మీ ఊరి డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళకు. ఒకసారి చేతులెత్తేసినవాడు రేపు మళ్ళీ ఎత్తడని ఏముంది? కన్ను తిరగబెడితే ఆయనకు కనిపెట్టడానికి వారం పడుతుంది.

మాత్రల సంగతి నన్ను అడగకు.

ఆర్లీన్

మేవిల్
1993 డిసెంబర్ 28

ఆర్లీన్,

అడుగుతున్నాను. నువ్వు చెప్పకపోతే జనవరి పదో తేదీన సీసా తీసుకెళ్ళి పాట్ క్రోనిన్ బల్ల మీద పెట్టి వచ్చేస్తాను. ఇది నా కన్ను. వాళ్ళ లాటరీ చీటీ కాదు.

వెర్నా

డులూత్
1994 జనవరి 4

అక్కా,

మంచి కబురు. మాత్రలు చూపించాను. అసలు మందే. నిశ్చింతగా వేసుకో. దయచేసి పరిశోధన వదిలిపెట్టకు.

ఆర్లీన్

మేవిల్
1994 ఫిబ్రవరి 20

ఆర్లీన్,

కబురు అందింది. ధన్యవాదాలు. మాత్రలు వేసుకుంటున్నాను. చలి బాగా ఉంది. రెండుసార్లు ట్యాంకరు పైపు గడ్డకట్టింది. నార్బర్ట్ మంచు మీద చేపలు పడుతున్నాడు.

వెర్నా

డులూత్
1994 మార్చి 9

అక్కా,

ఏమిటీ ఉత్తరం? వాతావరణ కేంద్రం వాళ్ళయినా ఇంతకంటే ప్రేమగా రాస్తారు. మంచి కబురు పంపితే మూతి ముడుచుకున్నావు. నువ్వు నన్ను నమ్మలేదా? సూటిగా చెప్పు.

ఆర్లీన్

మేవిల్
1994 మే 29

ఆర్లీన్,

జవాబు ఆలస్యమైంది. కన్ను తిరగబెట్టింది.

పన్నెండో తేదీ గురువారం, క్లోకో వాళ్ళ పాడిదొడ్లో ట్యాంకరులోకి పాలు తోడుతుంటే వెలుతురు గుచ్చుకోవడం మొదలైంది. కంట్లో ఇసుక పడ్డట్టు. ఏమిటో వెంటనే తెలిసిపోయింది. వాళ్ళ ఫోన్‌లోంచే పాట్‌కు చేశాను. ఇప్పుడే బయలుదేరి రమ్మంది. నార్బర్ట్ తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి అనుమానంతో కాదు, భయంతో. మధ్యాహ్నం రెండింటికల్లా డాక్టర్ రీస్ నా కంట్లో రంగు వేసి, నీలం లైటుతో చూసి, కొమ్మల్లా చీలిన గీత ఎక్కడుందో నార్బర్ట్‌కు బొమ్మ గీసి చూపించింది.

రోజుకు తొమ్మిదిసార్లు చుక్కలు వేసుకోవాలి. ఆ సీసా ఫ్రిజ్‌లో వెన్న పక్కన ఉంటుంది. పనికి మూడు వారాలు సెలవు. త్వరగా పట్టుకున్నారు కాబట్టి మచ్చ పక్కకు ఆగిందట. కంటి పరీక్ష అట్టమీద ఒక వరస అక్షరాలు కనిపించకుండా పోయాయి. లైసెన్సు పరీక్షకు మిగిలినవి సరిపోతాయో లేదో ఆగస్టులో తెలుస్తుంది.

నీ అసలు మందు వేసుకుంటూనే ఇదంతా జరిగిందని గమనించగలవు.

వెర్నా

డులూత్
1994 జూన్ 3

అక్కా,

ఉత్తరం ఇప్పుడే అందింది. మందు వేసుకున్నా కొందరికి వస్తుంది, అక్కా. అందుకే కదా వందలమంది మీద చూస్తున్నారు. నేను సెలవు పెట్టి వస్తాను. చుక్కలు వేస్తాను, వంట చేస్తాను. బావ చేతి వంట తింటే కన్నే కాదు, మొత్తం మనిషే పోతుంది. ఎప్పుడు రమ్మంటావు?

ఆర్లీన్

మేవిల్
1994 జూన్ 10

ఆర్లీన్,

రావద్దు. చుక్కలు నేనే వేసుకోగలను.

వెర్నా

మేవిల్
1994 అక్టోబర్ 18

ఆర్లీన్,

లైసెన్సు పరీక్షలో గట్టెక్కాను. ఒక్క అక్షరం తేడాతో.

మాత్రల ఏడాది ముగిసింది. చివరి రోజు పాట్ ఒక కాగితం ఇచ్చింది. ఏడాదంతా మీరు వేసుకున్నది ఏదని మీరు అనుకుంటున్నారు, మందా, ఉత్త మాత్రా అని అందులో ప్రశ్న. ఒకదానికి టిక్కు పెట్టి మడిచి ఇచ్చేశాను. దేనికి పెట్టానో నీకు చెప్పను.

క్రిస్మస్‌కు కార్డు పంపిస్తాను.

వెర్నా

డులూత్
1995 సెప్టెంబర్ 2

అక్కా,

ఏడాదిగా కార్డులు తప్ప నీ చేతిరాత చూడలేదు. ఏం పాపం చేశానో చెప్పవు. చెప్పించుకునే ఓపిక నాకిప్పుడు లేదు.

తుంటి ఎముక మార్చాలన్నారు. పంతొమ్మిదో తేదీన ఆపరేషన్. హాల్వర్సన్ గారి భార్య చూసుకుంటానంది. కానీ మత్తు దిగాక కళ్ళు తెరిస్తే ఎదురుగా నువ్వుండాలని ఉంది. ఆరు గంటల ప్రయాణం. అడుగుతున్నాను.

ఆర్లీన్

మేవిల్
1995 సెప్టెంబర్ 8

ఆర్లీన్,

ట్యాంకరుకు బదులు మనిషి దొరకలేదు. ఆపరేషన్ బాగా జరగాలని చర్చిలో దీపం పెట్టించాను.

వెర్నా

మేవిల్
1997 జనవరి 19

ఆర్లీన్,

ఆసుపత్రినుంచి ఉత్తరం వచ్చింది. పరిశోధన అంతా అయిపోయింది, ఎవరికి ఏ మాత్ర ఇచ్చారో రాసి బీరువాలో దాచిన కాగితాలు బయటికి తీశారు. నాకు ఇచ్చినవి ఉత్త మాత్రలు. ఏడాదిపాటు, రోజుకు రెండు. అసలు మందు వేసుకున్నవాళ్ళలో కన్ను తిరగబెట్టినవాళ్ళు బాగా తక్కువట. మందు పనిచేస్తుందని తేలింది.

ఇప్పుడు చెబుతాను, విను. నువ్వు "మంచి కబురు" అని రాసిన రోజే నాకు తెలిసిపోయింది. నీ ఉత్తరాలెప్పుడూ పేజీలకు పేజీలు ఉంటాయి. చిన్నప్పటినుంచీ నువ్వు అబద్ధమాడితే నాలుగు ముక్కల్లో తేల్చేస్తావు. అమ్మ పింగాణీ గిన్నె పగలగొట్టిననాడు కూడా అంతే. ఆ కాలేజీ అతను ఉత్త మాత్రలని చెప్పాడు, నువ్వు అది కడుపులో దాచుకుని నన్ను ఏమార్చావు. నా కంటికి ఏ కాపలా లేదని నీకు తెలుసు. అది గీతలు గీసేదాకా చూస్తూ కూర్చున్నావు.

మరి నేనెందుకు మానెయ్యలేదని అడుగుతావు. ఫిబ్రవరిలో మానేద్దామనే సీసా కోటు జేబులో పెట్టుకుని వెళ్ళాను. వరండాలో మిషిగన్ పైభాగంనుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది, దుస్తులు కుట్టే మనిషి. ఆమెకు పదకొండుసార్లు వచ్చిందట, ఒక కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. రెండో కన్నులో మొదలైందట. ఆమెను ఇందులో చేర్చుకోలేదు, ఉత్త చూపించుకోవడానికి వచ్చింది. "మీ లెక్క త్వరగా తేలితే బాగుండు, మా డాక్టరు అది తేలేదాకా ఆ మందు రాయనంటున్నాడు" అంది. ఎవరితోనో బస్సు టైము గురించి మాట్లాడినట్టు మామూలుగా అంది.

లోపలికెళ్ళి పాట్‌ను అడిగాను. తనది ఉత్త మాత్రని అనుమానం వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోతే ఏమవుతుందని. అప్పుడు మాకు ఏమీ తెలియదు, ఎప్పటికీ తెలియదు అంది. సీసా జేబులోంచి తియ్యలేదు. ఇంటికొచ్చి సాయంత్రం మాత్ర వేసుకున్నాను. ఉత్తదని తెలిసి వేసుకున్నాను. నేనేదో గొప్ప త్యాగం చేశానని చెప్పుకోవడం లేదు. ప్రతి రోజూ ఆ కుట్టుపనావిడను తిట్టుకుంటూనే మింగాను.

అందులో ఉండడం నా ఇష్టం. దాని గురించి నాకు బాధ లేదు. కానీ అది నేను నిర్ణయించుకోవాల్సింది, నిజం తెలిసి. నువ్వు నా తరఫున నిర్ణయించావు. అందుకే నీ ఆపరేషన్‌కు రాలేదు. బదులు మనిషి దొరికాడు. నేనే రాలేదు.

వెర్నా

డులూత్
1997 జనవరి 27

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. హాల్వర్సన్ గారు షాపు మూసి నన్ను ఇంటికి పంపించేశారు.

అబద్ధం ఆడాను. నిజమే. కానీ నువ్వనుకున్న అబద్ధం కాదు.

ఆ మాత్రలు ఎవరూ పరీక్షించలేదు. నీ డిసెంబర్ ఉత్తరం వచ్చిన రోజే వాటిని హాల్వర్సన్ గారికి చూపించాను. ఆయన నన్ను అంత కోపంగా మందలించడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఇది బయటపడితే మీ అక్క ఏడాది కష్టం వృథా అవుతుంది, మిగతావాళ్ళదీ చెడుతుంది అన్నారు. ఆ రెండు మాత్రలూ అక్కడికక్కడే చెత్తబుట్టలో వేసి, బుట్ట తీసుకెళ్ళి వెనక బాయిలర్‌లో కుమ్మరించారు. తమ్ముడి కొడుకు వాటిని చూడనే లేదు.

తర్వాత నువ్వు సీసా తిరిగిచ్చేస్తానని రాశావు. మానేస్తే నీ కన్ను ఎవరు చూస్తారు? చేతులెత్తేసిన ఆ డాక్టరా? నాకు వేరే దారి తోచలేదు. వాటిలో ఏముందో నాకు తెలియదు, అయినా మందే అని రాశాను. మందై ఉండాలని రాశాను. ఇంకొంచెం రాస్తే దొరికిపోతానని ఐదు వాక్యాలతో ఆగిపోయాను. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, అబద్ధమే. కానీ దాని వెనక నిజం ఒకటి ఉందనుకున్నావు. లేదు. నాకూ నీకు తెలిసినంతే తెలుసు. మే నెలలో నీ కన్ను తిరగబెట్టిందని చదివినప్పుడు నీకెంత భయమేసిందో నాకూ అంతే వేసింది.

మూడేళ్ళుగా నువ్వు నన్ను, అక్క కన్ను పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషినని అనుకున్నావు. ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచి నీకోసం వెతికాను, అప్పుడు కూడా అదే అనుకుంటున్నావన్నమాట.

దీనికి నా దగ్గర రుజువేమీ లేదు. మాత్రలు బూడిదయ్యాయి. హాల్వర్సన్ గారున్నారు. కావాలంటే ఆయనను అడుగు. నంబరు కింద రాస్తున్నాను. ఆయన అబద్ధం చెప్పరు. కానీ నన్నే నమ్మనిదానివి, ఆయనను మాత్రం ఎందుకు నమ్ముతావు?

ఆర్లీన్

మేవిల్
1997 ఫిబ్రవరి 2

చెల్లీ,

నీ ఉత్తరం నార్బర్ట్‌కు చదివి వినిపించాను. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మన ఉత్తరాలు ఆయనకు చదవడం ఇదే మొదలు. అంతా విని, "నేను నాలుగు రోజుల్లో తేల్చుకున్నాను. నువ్వు మూడేళ్ళు లాగావు" అన్నాడు.

తర్వాత ఆయన లేచి వంటిల్లు నాకు వదిలేసి, గరాజులోకి వెళ్ళిపోయాడు. నేను హాల్వర్సన్ గారి నంబరు ముందు పెట్టుకుని ఫోన్ తీశాను. ఊరి కోడ్ నొక్కాను. తర్వాత మూడు అంకెలు నొక్కాను. డెల్బర్ట్ తలనొప్పి, పాట్ ముఖంలో జాలి, నీ పొట్టి ఉత్తరం, ఇలా ఎన్ని రుజువులు పోగేశానో గుర్తొచ్చింది. మాత్ర ఉత్తదన్న ఒక్కటి మాత్రం నిజమైంది. అది కూడా నేను కనిపెట్టినందువల్ల కాదు, లాటరీ వల్ల. ఆయన అవునన్నా ఆయన గొంతులో ఏదో ఒకటి వెతుకుతాను నేను. నాకు నా సంగతి తెలుసు.

ఫోన్ పెట్టేశాను. నువ్వు చెప్పావు, అది చాలు.

నువ్వు కళ్ళు తెరిచి వెతికావని రాశావే, ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. దానికి క్షమించమని రాస్తే చిన్నగా ఉంది. అయినా రాస్తున్నాను. క్షమించు.

డాక్టర్ రీస్ అసలు మందు రాసింది. సోమవారంనుంచి వేసుకుంటున్నాను. తలనొప్పి లేదు, తిప్పు లేదు.

ట్యాంకరుకు బదులు మనిషిని మాట్లాడాను. గురువారం బయలుదేరుతున్నాను. నువ్వు వద్దని రాసినా ఆ ఉత్తరం అందేలోపు నేను నీ గుమ్మంలో ఉంటాను.

అక్క